ఒక్క గంట అంటే ఆగు

చీటీల్లో తన పేరు వచ్చిందని రాజధాని ల్యుబ్ల్యానా నుంచి ఉత్తరం అందిన రోజున అల్బీనా ఒత్సేపెక్ పెరట్లో చిక్కుడు తీగలకు కర్రలు పాతుతోంది. మట్టి చేతులతోనే కవరు చించి, అక్కడే నిలబడి రెండుసార్లు చదివింది. దేశం మొత్తం మీద అరవై మందిని చీటీలు తీసి ఎంచారట. కృత్రిమ మేధను అదుపులో పెట్టే చట్టం రాయబోతున్నారట. ఆ చట్టానికి ఏ సూత్రాలు పునాదిగా ఉండాలో ఈ అరవై మందీ ఆరు శనివారాలు కూర్చుని తేల్చాలట. తేల్చినదాన్ని పార్లమెంటులో చదువుతారట.

ఇదేదో మోసం అనుకుందామె. ఉత్తరం అడుగున ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

"చూడమ్మా, నాకు డెబ్బై ఒకటి నిండాయి. కంప్యూటర్లో వాన పడుతుందో లేదో చూసుకోవడం తప్ప ఇంకేం రాదు. మీక్కావలసింది ఇంకెవరో అల్బీనా అయ్యుంటుంది," అంది.

అవతల మాట్లాడింది తాదేయా అనే లాయరు. ఆ పౌరసభను నడిపించే పని ఆమెది. "ఇంకో అల్బీనా లేరండీ, మీరే. అన్నీ తెలిసినవాళ్లనే ఏరుకునేటట్టయితే చీటీలెందుకు తీస్తాం?"

"మరి నేనొచ్చి ఏం చెప్పాలి?"

"ముందు వినండి. చెప్పే సంగతి తర్వాత చూసుకుందాం."

ఆ జవాబు అల్బీనాకు నచ్చింది. వినడం ఆమెకు చేతనైన పని. బతుకంతా చేసింది ఆ ఒక్క పనే.

సావా నది ఒడ్డున ఇరుకు లోయలో బొగ్గు గనుల ఊరు ఆమెది. తండ్రి గనిలో దిగేవాడు, తాత దిగేవాడు. పంతొమ్మిదేళ్లకు ఆమె దీపాల గదిలో పనికి చేరింది. దిగేవాడికి నంబరు చూసి దీపం ఇవ్వడం, పైకొచ్చినవాడి దగ్గర తీసుకుని మేకుకి తగిలించడం. షిఫ్టు అయిపోయాక ఏ మేకు ఖాళీగా ఉన్నా, ఒక మనిషి ఇంకా పైకి రాలేదన్నమాట. ఆరేళ్ల తర్వాత వైండింగ్ ఇంజన్ దగ్గరికి మార్చారు. మనుషుల్ని నింపుకున్న ఇనప పంజరాన్ని మూడు వందల మీటర్ల లోతుకు దించి, తిరిగి పైకి తెచ్చే ఇంజన్ అది. అక్కడ అంతకుముందు ఆడమనిషి కూర్చోలేదు. "దీని జడ చిక్కుకుంటే ఇంజన్ ఆగిపోద్ది," అని మగవాళ్లు నవ్వుకున్నారు. ఆమె జుట్టు కత్తిరించుకుని వచ్చి కూర్చుంది.

ఆ పని నేర్పినవాడు లూద్విక్ అనే ముసలి పర్యవేక్షకుడు. ఇంజన్ గదిలోంచి పంజరం కనిపించదు, మనుషులు కనిపించరు. కనిపించేది రెండంతస్తుల ఎత్తున తిరిగే డ్రమ్ము, దాని మీద చుట్టుకునే ఉక్కు తాడు, లోతు చూపించే ముల్లు. వినిపించేది గంట. రెండు గంటలు కొడితే పైకి లాగాలి. మూడు కొడితే దించాలి. ఒక్కటి కొడితే ఆపాలి. ఇరవై ఆరేళ్లు ఆ గంట వింటూ ఆమె ఖేపుకి ముప్పై మందిని కిందికి, ముప్పై మందిని పైకి చేర్చింది. వాళ్లలో ఆమె భర్త రూడీ కూడా ఉండేవాడు. ఏ ఖేపులో ఉన్నాడో ఆమెకు తెలిసేది కాదు. తెలియకపోవడమే మంచిదని లూద్విక్ అనేవాడు.

గని మూతబడింది. రూడీ ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని పోయాడు. తర్వాత ఆమెకు మిగిలింది పెరడు, చిక్కుళ్లు, ఆదివారం పూట చర్చి పాటల బృందం.

మొదటి శనివారం రైలెక్కి ల్యుబ్ల్యానా వెళ్లింది. ఆరుగురేసి చొప్పున పది బల్లలు వేశారు. ఆమె పక్క కుర్చీలో మిర్సాద్ అనే సిటీ బస్సు డ్రైవరు కూర్చున్నాడు. ఈ దేశంలోనే యెసెనిత్సె ఊళ్లో పుట్టి పెరిగినవాడే గానీ తల్లిదండ్రులది బోస్నియా. మాటలో ఆ యాస పోలేదు. ఎదురుగా గోరాజ్ద్ అనే కుర్ర ఇంజనీరు. కుర్రాడంటే నలభై దాటినవాడే, ఆమె కళ్లకు అలా కనిపించాడు. అతను ఇలాంటి ప్రోగ్రాములు తయారుచేసే పనిలోనే ఉన్నాడు. చీటీలో అతని పేరూ వచ్చింది మరి.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రొఫెసర్లు మాట్లాడారు. అల్బీనాకు పావు వంతు అర్థమైంది. అర్థమైనదాన్ని చిన్న పుస్తకంలో రాసుకుంది.

"ఏం రాశారు పెద్దమ్మా?" అన్నాడు మిర్సాద్ తొంగి చూస్తూ.

"మధ్యాహ్నం సూపులో ఉప్పెక్కువైందని."

"అది నాకూ అర్థమైంది. ఈ ఒక్క విషయంలో సభ ఏకగ్రీవం."

రెండో శనివారం జరిగింది ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. ఒక డాక్టరు తెర మీద పాత ఎక్స్‌రే ఒకటి వేసింది. ఎవరిదో తెలియకుండా పేరు తీసేశారు. గనిలో పనిచేసినవాడిది అని మాత్రం చెప్పింది. ఆ ఫోటో తీసిన ఏడాది ముగ్గురు డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారు. నాలుగేళ్ల తర్వాత గానీ జబ్బు బయటపడలేదు. ఆ ఫోటోనే ఇప్పుడు యంత్రానికి చూపించింది. నీళ్లు తాగినంత సేపు కూడా పట్టలేదు. బూడిదరంగు మేఘంలో ఆవగింజంత చుక్కలు పదకొండు, ఒక్కొక్కదాని చుట్టూ సన్నటి గీత పడింది. దుమ్ము జబ్బు, మొదటి దశ.

హాలంతా గుసగుసలాడింది. అల్బీనా కళ్లద్దాలు సరిచేసుకుంది. రూడీకి కూడా మొదట్లో ఏమీ లేదనే అన్నారు. అతను మెట్లెక్కి ఆయాసపడితే తనే, "ఆ సిగరెట్లు మానెయ్," అని కసిరేది. ఆ పదకొండు చుక్కల్ని చూస్తుంటే ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోయలో వెయ్యి మంది ఛాతీల్లో కనిపించకుండా ఉండిపోయినదాన్ని ఇది చూస్తోంది. మనిషి కన్ను దాటి చూసేది ఒకటి ఈ లోకంలోకి వచ్చింది. చర్చిలో పెద్ద ఆర్గన్ మొదటి స్వరం మోగినప్పుడు ఒంట్లో పుట్టే వణుకు లాంటిది ఆమెకు ఆ హాల్లో పుట్టింది.

విరామంలో గోరాజ్ద్ కాఫీ తెచ్చిచ్చాడు. "ఎలా ఉందండీ అల్బీనా గారూ?"

"దీన్ని చేసినవాళ్లు రాత్రి నిద్రపోతారా బాబూ?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదని చూసి ఆపేశాడు. "కొందరం పోతాం," అన్నాడు.

మూడో శనివారం మిర్సాద్ తన సంగతి చెప్పాడు. బస్సులకు దారులు చెప్పే కంట్రోల్ గదిలో ఉద్యోగానికి పెట్టుకున్నాడు. పదిహేడేళ్ల అనుభవం. ఇంటర్వ్యూ అంటే మనిషెవరూ లేరు. ఫోన్‌లో ప్రశ్న వచ్చింది, జవాబు చెప్పాడు, తర్వాత ప్రశ్న వచ్చింది. పెట్టేసిన మరుక్షణం "ఎంపిక కాలేదు" అని సందేశం. ఎందుకని అడిగితే ఆ కంపెనీ వాళ్లు, "యంత్రం మార్కులు వేస్తుంది గానీ కారణం చెప్పదు," అన్నారు.

"నేను మాట్లాడింది యంత్రంతోనని కూడా నాకు తర్వాతే తెలిసింది. దానికి గుడ్ మార్నింగ్ చెప్పాను, పెద్దమ్మా. ఇంట్లో అందరూ బాగున్నారా అని కూడా అడిగాను." బల్ల చుట్టూ నవ్వారు. అతనూ నవ్వి అన్నాడు: "నా యాస వల్లేమో. కాదేమో. నాకు అనుభవం చాలదని మొహం మీద చెప్పి ఉంటే ఇంటికెళ్లి పడుకునేవాణ్ని. ఇది మాత్రం ఏడాదిగా నా నోట్లో ముల్లులా ఉంది. ఇప్పుడు బస్సులో స్టాపు పేరు చెప్పాలన్నా ముందు మనసులో ఒకసారి అనుకుని చెప్తున్నాను."

అక్కణ్నించి బల్ల మీద వాదన మొదలైంది. యంత్రమైతే యంత్రమని చెప్పాలి, మనిషి బతుకు మీద తీర్పు చెప్తే కారణం చెప్పాలి. ఈ రెండూ రాసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. యంత్రం ఎంత తెలివైనదని కాకుండా, తప్పు చేస్తే మనిషికి ఎంత దెబ్బ తగులుతుందని చూసి కట్టుబాటు పెట్టాలన్నదానికీ ఒప్పుకున్నారు. పాటలు ఏరిపెట్టే యంత్రాన్నీ, పిల్లల్ని తల్లి దగ్గర ఉంచాలా వద్దా అని సలహా ఇచ్చే యంత్రాన్నీ ఒకే గాట కట్టకూడదు. చిక్కంతా, యంత్రం మీద మనిషి ఉండాలా అన్న దగ్గర వచ్చింది.

గోరాజ్ద్ సూటిగా అడిగాడు: "పోయిన వారం చూశాంగా. ముగ్గురు డాక్టర్లకు కనిపించనిది దానికి కనిపించింది. తనకంటే తక్కువ చూసేవాణ్ని తెచ్చి దాని నెత్తి మీద కూర్చోబెడితే ఏం లాభం? దొర కొడుకని చెప్పి స్వారీ రానివాణ్ని గుర్రమెక్కించినట్టుంటుంది."

తాదేయా అల్బీనా వైపు చూసింది. "మీరింతవరకూ ఏమీ అనలేదు."

అల్బీనా చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నా ఇంజన్‌కి నాకంటే బలమెక్కువ," అంది నెమ్మదిగా. "నాకంటే కచ్చితం కూడా. నేను ఏనాడూ దానికంటే గొప్పదాన్నని కాదు అక్కడ కూర్చుంది. మా లూద్విక్ మొదటి రోజున ఒక ప్రశ్న అడిగాడు. 'అమ్మాయ్, పైకి రెండు, కిందికి మూడు. ఆగడానికి ఒక్కటే ఎందుకు?' అన్నాడు. నాకు తెలీలేదు. 'గంట తాడు లాగేవాడి చెయ్యి విరిగుండొచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. వాడిలో ఒక్కసారి లాగే ఓపికే మిగిలి ఉండొచ్చు. ఆ ఒక్కటీ చాలాలి,' అన్నాడు."

మిర్సాద్ పెన్ను కింద పెట్టేశాడు.

"ఆ గంట తాడు గని బావి, అదే షాఫ్టు, పొడుగునా వేలాడేది. ఫోర్‌మనే లాగాలని లేదు. పంజరంలో ఉన్న ఎవడైనా చెయ్యి చాచి లాగొచ్చు. మోగిందా, ఆపాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది ఆపిన తర్వాత అడగాలి. ఒకసారి అలాగే ఒక్క గంట మోగింది. బ్రేకు వేశాను. ముప్పై మంది సగం దారిలో వేలాడుతూ ఉండిపోయారు. ఉక్కు తాడు చూశారు, పట్టాలు చూశారు, పంజరం చూశారు. నలభై నిమిషాలు పట్టింది. చీఫ్ ఇంజనీరు వచ్చి నా మీద కేకలేశాడు, షిఫ్టు పాడుచేశావని."

"తప్పేం దొరికింది?" అన్నాడు గోరాజ్ద్.

"ఏమీ దొరకలేదు. అంతా బాగానే ఉంది. రంపం మిల్లు నుంచి కొత్తగా వచ్చిన మనిషి, నలభై ఏళ్లవాడు, మొదటిసారి దిగుతున్నాడు. చీకటి చూసి భయపడి లాగేశాడు. పైకొచ్చి సిగ్గుతో తలెత్తలేదు. ఇంజనీరు వాడి పేరు రాసుకోబోయాడు. లూద్విక్ ఆ పుస్తకం లాక్కుని తనే రాశాడు: 'గంట మోగింది. ఆపారు. సరిగా జరిగింది.' ఇంజనీరుతో అన్నాడు, 'ఒక్క గంటకి ఇవాళ వీణ్ని తిట్టారంటే, నిజంగా కొట్టాల్సిన రోజున ఎవడూ కొట్టడు.'"

పక్క బల్లల వాళ్లు కూడా ఎప్పుడు తిరిగారో తెలియదు, ఇటే చూస్తున్నారు. ఇంతమంది తన మాట వింటున్నారని గమనించి అల్బీనా చెవులు ఎర్రబడ్డాయి.

గోరాజ్ద్ మాత్రం లొంగలేదు. "మీ పంజరంలో ముప్పై మంది. ఇరవై లక్షల మంది సంగతి చూసే యంత్రానికి ఎవడు పడితే వాడు గంట కొట్టొచ్చంటే అది గంటసేపు కూడా నడవదు. దానివల్ల మేలు పొందేవాళ్లు ఆగిపోతారు. ఆ ఎక్స్‌రే మనిషి కూడా వాళ్లలో ఉంటాడు, అల్బీనా గారూ."

అల్బీనా తన చిన్న పుస్తకం మూసేసింది. "నిజమే బాబూ," అంది. రైల్లో ఇంటికి పోతూ దారంతా సావా నది వైపు చూస్తూ కూర్చుంది. వారమంతా చిక్కుళ్లకు నీళ్లు పెడుతూ అదే ఆలోచించింది. తేలలేదు.

తేల్చినవాడు గోరాజ్దే. నాలుగో శనివారం మొహం పీక్కుపోయి వచ్చాడు. "మీ పంజరంలో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న," అన్నాడు కూర్చోకుండానే. "వారమంతా నా పని చెడగొట్టారు మీరు. తీర్పు ఎవరి మీదో వాడు పంజరంలో ఉన్నట్టు. వాడు ఒక్క గంట కొడితే వాడి సంగతి ఆగాలి, ఒక మనిషి చూడాలి. వాడి ఒక్కడి సంగతే, అందరిదీ కాదు. ఇక యంత్రం పక్కన కూర్చుని పనిచేసేవాళ్లు, నర్సులు, గుమాస్తాలు, వాళ్లు కొడితే మొత్తం ఆగాలి. కొట్టినందుకు వాళ్ల ఉద్యోగం పోకూడదు."

"ఇదేదో నిన్ననే చెప్పుంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని," అంది అల్బీనా.

"నేనూ పోయేవాణ్ని," అన్నాడతను. అప్పుడు కూర్చున్నాడు.

అయిదో శనివారం అంతా మాటల దగ్గర గడిచింది. తాదేయా రాసుకొచ్చిన ముసాయిదాలో 'సాధ్యమైనంత మేరకు' అని ఉంది. అల్బీనా చెయ్యెత్తింది. "నా ఇంజన్ గదిలో గోడ మీద 'ఒక్క గంట అంటే సాధ్యమైనంత మేరకు ఆగు' అని రాసుంటే నేను మా ఆయన్ని దిగనిచ్చేదాన్ని కాదమ్మా."

తాదేయా పెన్ను తీసి ఆ మాట మీద గీత కొట్టింది. "పదిహేనేళ్లుగా చట్టాలు రాస్తున్నాను," అంది. "ఈ మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు."

ఆరో శనివారం ఓట్లు. అరవై మందిలో యాభై రెండు చేతులు లేచాయి. మిర్సాద్ రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు.

పార్లమెంటులో చదివిన రోజున వాళ్లందరినీ పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. అల్బీనా రూడీ అంత్యక్రియలకు కుట్టించుకున్న నల్ల కోటు వేసుకుంది, అంతకంటే మంచిది లేక. కింద సభలో సగం కుర్చీలు ఖాళీ. కొందరు సభ్యులు ఫోన్లు చూసుకుంటున్నారు. అధ్యక్షురాలు మామూలు గొంతుతో చదువుకుంటూ పోయింది. 'తన గురించి యంత్రం చేసిన నిర్ణయాన్ని ఆపమని అడిగే హక్కు ప్రతి మనిషికీ ఉంటుంది. అడిగిన వెంటనే అది ఆగాలి. కారణం ఆ తర్వాత విచారించాలి. అడిగినందుకు ఎవరికీ నష్టం జరగకూడదు.'

అల్బీనా గ్యాలరీ కడ్డీ పట్టుకుంది. చీకటి షాఫ్టులో పంజరమెక్కి వేలాడిన మనుషుల కోసం, పేరు తెలియని ఎవరో ఎప్పుడో పెట్టిన నియమం. లూద్విక్ నోటి నుంచి తన చెవికి వచ్చింది. పాలరాతి స్తంభాల మధ్య ఇప్పుడు దేశం దాన్ని వింటోంది. తన పేరు ఎక్కడా లేదు, లూద్విక్ పేరూ లేదు. ఉండనక్కర్లేదు కూడా. ఇంత పెద్ద కప్పు కింద ఇంత చిన్న మాట పట్టిందే అని ఆమె తల ఎత్తి పైకప్పు వైపు చూసింది. మిర్సాద్ ఏదో జోకు వెయ్యబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

బయటికొచ్చి మెట్ల మీద మాంసం కూరిన బురెక్ రొట్టెలు తిన్నారు. చట్టం రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. వాళ్లు రాసినవన్నీ అందులోకి రాలేదు. పక్కన పనిచేసేవాళ్లు మొత్తం యంత్రాన్ని ఆపొచ్చన్నది ఆసుపత్రులకు మాత్రం ఉంచి, తక్కినచోట్ల తీసేశారు. 'వెంటనే' అన్న మాట పోయి 'మూడు రోజుల్లోగా' అయింది. అల్బీనా చదివి, "మూడు రోజులు వేలాడితే మనిషి మిగలడు," అని తాదేయాకు ఫోన్ చేసింది. తాదేయా సమర్థించుకోలేదు. వచ్చే సవరణలో మళ్లీ అడుగుదామంది.

కొత్త చట్టం కింద కారణం అడిగితే మిర్సాద్‌కి మాత్రం ఆ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఉద్యోగం రాలేదు, కాగితమే. అతని జవాబుల్లో ముప్పై శాతం మాటలు ప్రోగ్రాముకి అర్థం కాలేదనీ, అర్థం కాని మాటలకు సున్నా వేసిందనీ, అలా వెయ్యడం తప్పనీ మూడు వాక్యాల్లో రాశారు. కింద ఒక మనిషి సంతకం, మనిషి పేరు. అతను ఫోన్‌లో అల్బీనాకు అది మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఆ బోస్నియా యాసతోనే, ఏ మాటా మనసులో ముందు అనుకోకుండా చదివాడు.

ఆ తర్వాతి వసంతంలో పోర్చుగల్ నుంచి పిలుపొచ్చింది. అక్కడా సముద్రపొడ్డు ఊళ్ల నుంచి చీటీలు తీసి పౌరసభ పెట్టారట. వీళ్లతో మాట్లాడాలట. ఊరి గ్రంథాలయంలో తెర పెట్టారు. అవతల గ్రాసిండా అని, వలలు అల్లే మనిషి, అల్బీనా అంత వయసుది. మధ్యలో అనువాదం యంత్రానిది. తెర పైన పెద్ద అక్షరాలతో ఉంది: ఈ గొంతు యంత్రానిది. పక్కన ఓ చిన్న చదరంలో లిస్బన్‌లోని మనిషి ఒకతను రెండు భాషలూ వింటూ కూర్చున్నాడు.

అల్బీనా ఒక వాక్యం చెప్పి ఆగింది. ఆమె మాటే, ఆమె చెప్పిన తీరులోనే, ఆమెకు తెలియని భాషలో గదిలోకి వచ్చింది. వెయ్యి మైళ్లకు పైగా అవతల గ్రాసిండా తలూపింది. దేశం దాటి ఎరగని అల్బీనా మాట సముద్రం దాకా నడిచి వెళ్లింది.

గంట సంగతి చెప్తుండగా గ్రాసిండా ముఖం చిట్లించింది. చదరంలో మనిషి చెయ్యెత్తాడు. యంత్రం ఠక్కున ఆగింది.

"మన్నించండి," అన్నాడతను అల్బీనా మాతృభాష స్లోవేనీలో. "'ఒక్కసారి కొడితే' అంటే మనిషిని కొట్టడమని చెప్పిందిది. గంట అని చెప్తాను, ఉండండి."

గ్రాసిండా విని పడీపడీ నవ్వింది. అల్బీనాకు కూడా నవ్వాగలేదు. అతను తల ఊపాక యంత్రం మళ్లీ మొదలైంది. అంతా విన్నాక గ్రాసిండా అడిగింది.

"తాడు లాగలేనివాళ్ల సంగతేం చేశారమ్మా? మా అక్కకి మతి లేదు. దాని మీద ఏం తీర్పు వచ్చినా దానికి తెలియదు. దాని బదులు గంట ఎవరు కొట్టాలి?"

ఆరు శనివారాల్లో, అరవై మందిలో, ఆ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. అల్బీనా కళ్లద్దాలు తీసి తెర వైపు వంగింది.

"మేమది రాయలేదు," అంది. "మాకు తోచలేదు. మీరు రాయండి, చెల్లీ. రాసి మాకూ పంపండి."

యంత్రం ఆ మాట తీసుకుని అవతలికి చేర్చేవరకూ ఆమె అలాగే వంగి, గ్రాసిండా ముఖంలోకి చూస్తూ ఉంది.